మూటదొంగ ముఖం

ఆఫీసులో అందరూ ఆమెను పెన్సిలక్క అనేవారు. పిల్లల టీవీ బొమ్మల కథల్లో ఎవరు ఎలా ఉండాలో గీసివ్వడం ఆమె పని. పదమూడేళ్లుగా రాక్షసులు, రౌడీలు, తలారులు ఆమె వాటాకే వచ్చేవారు. "మంచివాళ్లను ఎవరైనా గీస్తారక్కా. వెధవల్ని గీయాలంటే నువ్వే," అని తోటివాళ్లు వేళాకోళమాడితే తనూ నవ్వేది. ఒక్కో దుర్మార్గుణ్ణి ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి గీసేది. వాడి కోపం, నవ్వు, ఏడుపు విడివిడిగా చూపించేది.

పిల్లల్ని ఎత్తుకుపోయే మూటదొంగ దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. నెల రోజుల్లో పదకొండు ముఖాలు గీసింది. నిర్మాత పదకొండూ చించేశాడు.

"భయం వెయ్యట్లేదమ్మాయ్. మా మేనల్లుడికి చూపిస్తే పగలబడి నవ్వాడు."

ఆ వారంలోనే బస్టాపులో ఒక మనిషి కనిపించాడు. ఎడమ చెంప కాలి ముడుచుకుపోయింది. ఆ పక్క కనురెప్ప సగం వాలిపోయింది. పై పెదవి ఒక మూలకు లాగేసి, ఊరికే నిలబడ్డా పళ్లు కనిపిస్తున్నాయి. బ్యాగు చాటున పుస్తకం పెట్టుకుని మూడు రోజులు అతణ్ణి గీసింది. ఒక్క మాటైనా మాట్లాడలేదు. నాలుగో రోజు ఆ కాగితం చూసి నిర్మాత కుర్చీలోంచి లేచాడు.

"వీడే! వీణ్ణి ఎక్కడ పట్టావు?"

"ఎక్కడో," అంది.

మూటదొంగ ఊళ్లన్నీ ఊపేశాడు. పిల్లలు జడుసుకుంటూనే ఎగబడి చూశారు. దుకాణాల్లో వాడి ముసుగులు వేలాడాయి.

బస్టాపులోని ఆ మనిషి వెల్డరు. గేట్లు, కిటికీ ఊచలు చేసేవాడు. గ్యాస్ సిలిండరు పేలి చెంప కాలింది. చెల్లెలి ఇంట్లో ఉండేవాడు. మొదట వీధి పిల్లలు మూటదొంగ అని కేకలేశారు. తర్వాత రాళ్లేశారు. ఒక సాయంత్రం మేనకోడలికి జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే దుప్పటి చుట్టి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. రెండు వీధులు దాటేసరికి ఎవరో "మూటదొంగ!" అని అరిచారు. జనం పాపను లాగేసుకున్నారు. ఇటుకలతో, బెల్టులతో, హెల్మెట్లతో అతణ్ణి కొట్టారు. "నా మేనకోడలయ్యా!" అని మొత్తుకునేకొద్దీ నోటిమీదే కొట్టారు. దవడ విరిగింది. రెండు పక్కటెముకలు విరిగాయి. చెల్లెలు పరుగెత్తుకొచ్చి అన్న మీద అడ్డంగా పడ్డాక గానీ ఆగలేదు. ఈలోగా ఆమె వీపూ చిట్లింది.

దవడకు బిగించిన తీగలు విప్పిన మర్నాడే వెల్డరు మూటదొంగను తయారుచేసే స్టూడియోకి వచ్చాడు. చేతిలో సుత్తి ఉంది. కాపలా మనిషిని ఒక్క తోపు తోస్తే మెట్ల మీద దొర్లాడు. లోపల గోడనిండా తన ముఖమే. పగులుతున్న కంప్యూటర్ల అద్దాలు జనం మీద చిట్లుతుంటే వరసగా కొట్టుకుంటూ వచ్చాడు.

"ఎవడు గీశాడ్రా దీన్ని?"

నిర్మాత బల్ల కిందికి దూరాడు. "అది ఊహే బాబూ! ఎవర్నీ చూసి గీసింది కాదు!"

పెన్సిలక్క లేచి నిలబడింది. "నేనే గీశాను. బస్టాపులో మిమ్మల్ని చూసే గీశాను."

అబద్ధం వినడానికే వచ్చాడో ఏమో, అతను ఒక్క క్షణం తడబడ్డాడు.

"నన్నడిగావా?"

"లేదండీ."

"నీ పిల్లనేమన్నా ఎత్తుకుపోయానా?"

"లేదు."

ఆమె కుడి మణికట్టు పట్టుకుని బల్లకేసి అదిమాడు. సుత్తి దిగింది. మూడు వేళ్లు నుజ్జయ్యాయి. ఆమె వేసిన కేకకు, రెండోసారి ఎత్తిన సుత్తి గాల్లోనే ఆగింది. అప్పుడు పడ్డారు ఆఫీసువాళ్లు అతని మీద. కిందపడేసి తన్నారు. ఒకడు గురిచూసి ఆ దవడ మీదే తన్నాడు.

"చచ్చిపోతాడ్రా, వదలండి!" అంటూ ఆమె నెత్తురోడే చేత్తోనే వాళ్ల చొక్కాలు పట్టి లాగింది.

ఆసుపత్రికి నిర్మాత పళ్లు పట్టుకుని వచ్చాడు. "పోలీసులకు ఊహించి గీశానని చెప్పమ్మాయ్. నీ వైద్యం సంగతి నేను చూసుకుంటా."

"ఆయన చెప్పినట్టు చెప్పేయవే. చెయ్యి పోయింది చాలదా, ఉద్యోగం కూడానా?" అంది మంచం పక్కనే కూర్చున్న వదిన.

"నా బొమ్మ చూసే కదా అతణ్ణి కొట్టారు వదినా. నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?"

చెప్పింది. బస్టాపులో గీసిన పుస్తకమూ ఇచ్చింది. ఉద్యోగం పోయింది, మూటదొంగ ఆగిపోయాడు. వీధిలో కొట్టినవాళ్లలో నలుగురికి శిక్ష పడింది. వెల్డరుకూ ఏడాదిన్నర పడింది. కోర్టులో అతను ఆమెకేసి ఒక్కసారీ చూడలేదు. ఆమె రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. ఎడమ చేత్తో నెమ్మదిగా గేముల కోసం ఇళ్లు, చెట్లు, బండ్లు గీస్తుంది. మనుషుల ముఖాలు ఇంకొకరికి ఇమ్మంటుంది.

ఒకసారి ధైర్యం చేసి వెల్డరు చెల్లెలి ఇంటికి వెళ్లింది. చెల్లెలు తలుపు సగమే తీసింది. పెన్సిలక్క నోరు తెరిచేలోగా తనే అంది: "మా అన్నయ్య చేసింది తప్పే. నీ చెయ్యి పాడుచేశాడు. కానీ లోపలికి రావొద్దమ్మా. కొత్తవాళ్లు గడప తొక్కితే చాలు, పాప దుప్పట్లో దూరి ఉచ్చ పోసుకుంటుంది."

పెన్సిలక్క తల ఊపి మెట్లు దిగింది. వెనక గడియ పడింది.