చైన్ బండి నడిపిన నడుము

కరీంనగర్‌లో ఏటీఎం ముందు కాపలా కాసే ఖైసర్ కుర్చీలో కూర్చోవాలంటే ముందు గోడ పట్టుకుంటాడు, తర్వాత మోకాలు పట్టుకుంటాడు, కళ్లు మూసుకుని మెల్లగా దిగుతాడు. పదహారేళ్లు సైన్యంలో ఇనుప చైన్ల మీద నడిచే యుద్ధవాహనం తోలాడు. ఆ అదురుకు వెన్నుపూసలు అరిగిపోతే ఇంటికి పంపారు. మొన్న అతను నిలబడి ఉండగా యూనిట్ నుంచి పాత దోస్తు రాకేశ్ ఫోన్ చేశాడు.

“అన్నా, మనకు టైర్ల బండ్లు వచ్చినయ్. దినమంతా తోలినా నడుం నొస్తలేదు.”

“బురదల దిగవడి ఆగిపోతయా?” ఆశగా అడిగాడు ఖైసర్.

“జర దిగవడ్తయ్. గానీ గివి ముందుగాల వచ్చుంటే నీ నడుం దక్కుతుండె.”

“మంచిదే తమ్మీ,” అంటుండగానే ఫోన్ చేయి జారి కింద పడింది. అందులో రాకేశ్ ‘అన్నా, అన్నా’ అని పిలుస్తూనే ఉన్నాడు. వంగలేని ఖైసర్, డబ్బు తీసుకోవడానికి ఎవరైనా వస్తే అందిస్తారని, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.