సేవ్ నొక్కే బాబాయ్

ఆఫీసులో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయనకి ఒకటే పిచ్చి. ఆఫీసు కంప్యూటర్‌లో సేవ్ బటన్ ఆయనే నొక్కాలి. ఇంకెవరి వేలైనా దాని మీద పడితే ఆయనకి ఆ పూట అన్నం సయించదు.

ఇళ్ల యజమానుల తరఫున అద్దెలు, తాళాలు, మరమ్మతులు చూసే ఆఫీసు అది. ఇల్లు చేతులు మారితే కొత్త యజమాని వివరాలు ఎక్కించడం కొత్తమ్మాయి పని. చదువు మధ్యలో ఆగినా వేళ్లు చకచకా ఆడేవి. నోరే పెగిలేది కాదు. అంతా టైపు చేసి, చివరి బటన్ దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"ఆగు, వస్తున్నా" అని ఎక్కడినుంచో కేక వినపడేది. బాబాయ్ కాలు ఒకచోట నిలిస్తే కదా. ఒకసారి మంగలి షాపు నుంచి సగం గడ్డంతో, మెడలో తువ్వాలుతో ఊడిపడ్డాడు. పరీక్ష పేపరు దిద్దే మాస్టారిలా స్క్రీన్ వంక చూసి, టక్కుమని నొక్కి, మిగతా సగం గీయించుకోడానికి పరిగెత్తాడు.

"వట్టి పెత్తనం" అనేవాడు అకౌంటెంటు. "ఆ వేలికి బీమా చేయించాలి."

ఒకరోజు ఓ పెద్దావిడ తన ఇళ్లలో ఒకటి అమ్మింది. ఆ ఒక్క ఇంటికి కొత్త యజమానిని జతచేయాల్సింది పోయి, కొత్తమ్మాయి పెద్దావిడ పేరే చెరిపి, ఆ చోట కొన్నాయన పేరు కొట్టింది. బాబాయ్ వచ్చాడు, చూశాడు, నొక్కాడు. అంతే, ఆవిడ ఇళ్లన్నీ కొన్నాయనవైపోయాయి. అద్దెకున్న వాళ్లందరి ఫోన్లకీ 'మీ ఇంటి యజమాని మారారు' అని మెసేజ్ వెళ్లింది.

మర్నాడు పెద్దావిడ కంటే ముందు ఆవిడ గొంతు మెట్లెక్కింది.

"గోరు తీయమంటే చెయ్యే నరికారేమిటయ్యా? పోనీ ఆ కొన్నాయన కాదన్నాడా? నా మేడ మీద కుళాయి కారుతోందని అద్దెకున్నవాళ్లు ఫోన్ చేస్తే, రేపే బాగుచేయిస్తానన్నాడట."

బాస్ ముఖం కందగడ్డయింది. "ఈ పని ఎవరు చేస్తే వాళ్లు ఇవాళే ఇంటికి."

కొత్తమ్మాయి కుర్చీ వెనక్కి జరిపింది. ఈ ఉద్యోగం పోతే, ఏం చదివావని అడిగే ఇంకో చోట చెప్పడానికేముంది? ఎలాగో లేచి నిలబడింది. "సార్, అది..."

"నేనే నొక్కాను" అన్నాడు బాబాయ్, వేలు పైకెత్తి.

"టైపు చేసిందెవరు?"

"టైపు చేస్తే ఏమవుతుంది సార్? నొక్కితేనే కదా అయ్యేది."

బాస్ తల పట్టుకున్నాడు. ఏ తాళంచెవి ఏ ఇంటిదో బాబాయ్‌కి ఒక్కడికే తెలుసు. ఆయన్ని పంపేస్తే ఆఫీసుకే తాళం. అందుకే పంపలేక, నోరు నొప్పెట్టేదాకా తిట్టాడు. బాబాయ్ అటూ ఇటూ పచార్లు చేస్తూ అన్నీ విన్నాడు.

"నేను చేరిన కొత్తలోనూ ఇలాగే వేలెత్తాడు" అని గొణిగాడు అకౌంటెంటు. ఎప్పటిదో ఏదో గుర్తొచ్చినట్టు తల దించుకున్నాడు.

సాయంత్రానికి అమ్మిన ఇల్లు తప్ప మిగతావన్నీ మళ్లీ పెద్దావిడ పేరుకొచ్చాయి. కొత్తమ్మాయి వరండాలో బాబాయ్‌ని పట్టుకుంది.

"తప్పు నాది బాబాయ్. చూసి కూడా ఎందుకు నొక్కారు?"

"చూశానని ఎవరన్నారు? కళ్లజోడు లేకపోతే నాకు ఆ స్క్రీనూ ఒకటే, సున్నం వేసిన గోడా ఒకటే."

"మరి కళ్లజోడు పెట్టుకోవచ్చుగా?"

"తిట్లు తినడానికి కళ్లజోడెందుకమ్మా?" అంటూ అప్పటికే సగం మెట్లు దిగేశాడు.