పది దినాల నడుమ రక్తపరీక్ష

ఆరో తరగతి పిల్లలకు పాఠం చదివి వినిపిస్తుండగా వాక్యం మధ్యలో ఊపిరి అందలేదు. పుస్తకం బల్లమీద పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. నేనేదో ఆలోచిస్తున్నాననుకుని పిల్లలు నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఎమ్మిగనూరులో ఆ బడి మెట్లు ఏళ్లుగా ఎక్కుతున్నవే. ఆ వారం రెండుసార్లు సగంలో ఆగాను.

నేను పెళ్లి చేసుకోలేదు. అన్న, వదిన, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అన్నకు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉండేది. ఊపిరి సంగతి చెప్పిన మరునాడే దాన్ని మూసి, బండిమీద నన్ను ఆదోని తీసుకెళ్లాడు. డాక్టరు చాలాసేపు విని, "గుండె చప్పుడులో తేడా, మర్మర్ ఉంది. గుండె స్కాన్, ఎకో తీయించండి" అన్నారు. గుండెలోని మైట్రల్ వాల్వ్ బాగా సన్నబడిందని తేలింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం చేసిన పని అట. కర్నూలులో ఆపరేషన్ చేసి లోహపు వాల్వ్ పెట్టారు.

దాంతో అయిపోతుందనుకున్నాను. డిశ్చార్జి చేస్తూ డాక్టరు, "రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో అంకె రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలి. తగ్గితే నెత్తురు గడ్డకట్టి క్లాట్, పెరిగితే బ్లీడింగ్" అన్నారు. అప్పటినుంచి ఆదోనిలో ఐఎన్ఆర్, మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్, కర్నూలులో ఎకో. ఒకటి ముగిసిన సాయంత్రమే మనసు తరువాతి దాని చుట్టూ తిరిగేది. ఆ తేదీలు నాకంటే అన్నకే బాగా నోటికి వచ్చేవి. నా వాల్వ్ చప్పుడు పక్కనున్నవాళ్లకు వినిపిస్తుంది. "నీ పక్కన కూసుంటే వాచీల అంగట్లో కూసున్నట్టుండాది రా శీనా" అనేవాడు అన్న.

ముందు పోయేది నేనే అని అందరం అనుకున్నాం. కానీ ఒకరోజు అన్న దుకాణంలో పడిపోయాడు. బ్రెయిన్ స్ట్రోక్. కర్నూలు చేరేలోపే పోయాడు. వాళ్లకు పిల్లలు లేరు. కర్మ నేనే పట్టాను.

పొద్దున తుంగభద్ర ఒడ్డున పిండం, మధ్యాహ్నం ఒక్కపూట భోజనం. ఆకుకూర లేదు, పప్పు తినబుద్ధి కాలేదు. మాత్ర మాత్రం రోజూ వేసుకున్నాను. అది వేసుకుంటే చాలన్నది నా ధైర్యం. ఆరో రోజున ఆదోనిలో ఐఎన్ఆర్ పరీక్ష ఉంది. పది దినాలయ్యాక వెళ్దామనుకున్నాను. ఐదో రోజు నోరు పుక్కిలిస్తే నెత్తురు పడింది. మోచేతి కింద నల్లగా కమిలింది. ఎక్కడా తగిలినట్టు గుర్తు లేదు. ఆ రోజంతా వసారాలో అటూ ఇటూ తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

ఆరో రోజు ఏటినుంచి వచ్చాక, పరీక్షకు ఆదోని పోవాలని చిన్నాయనతో చెప్పాను.

"కర్త ఊరు దాటేది యాడన్నా ఉందా? నాలుగు దినాలు ఆగలేవా?" అన్నాడు చిన్నాయన.

పురోహితుడు తడి కండువా పిండుకుంటూ, "దినామూ ఏటికి పోతాండాం కదప్పా, అది ఊరు దాటేది కాదా?" అన్నాడు.

"అది కర్మకు."

"ఇది మనిషికి."

లోపలి గదిలోంచి వదిన గొంతు వినిపించింది. ఆరు రోజుల్లో ఆమె గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "మామా, ఇంకోసారి పది దినాలు పట్టుకునేకి ఈ ఇంట్లో ఎవరుండారు? పంపీయండి." తరువాత నాతో, "ఫైలు మీ అన్న బీరువామీద పెట్టినాడు, తీసుకోని పో శీనా" అంది.

ఆదోనిలో రిపోర్టు తీసుకుని లోపలికి వెళ్లాను. డాక్టరు తలెత్తకుండానే, "మీ అన్నగారు బయటున్నారా?" అన్నారు. తరువాత నా గుండు చూశారు.

"ఆయనకే చేస్తున్నాను" అన్నాను.

డాక్టరు రిపోర్టు అందుకున్నారు. "తిండి?"

"ఒక్కపూట."

"ఐఎన్ఆర్ ఆరు దాటింది. తిండి సగం చేసి మందు అంతే వేసుకున్నారు. ఇంకా ఆగి ఉంటే లోపల బ్లీడింగ్ అయ్యేది." రెండు డోసులు ఆపించి, రెండు రోజులకు మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. "నేను చెప్పకుండా మీరు మాత్రం ఎప్పుడూ ఆపొద్దు" అని కూడా అన్నారు.

ఎనిమిదో రోజు పురోహితుడే ముందుగా, "నీ బస్సు ఎప్పుడప్పా?" అని అడిగి, పిండం తొందరగా పెట్టించాడు. ఈసారి ఐఎన్ఆర్ మరీ కిందికి జారింది. మళ్లీ డోసు మార్చారు. అది కుదుటపడేసరికి మొదటి మాసికం దగ్గరికొచ్చింది.

ఇప్పుడు బడికి వెళ్తున్నాను, మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. ఆదోనికి బస్సులో ఒక్కణ్ణే వెళ్తాను. ఫైలు సంచిలో ఉందో లేదో దారిలో చాలాసార్లు తడిమి చూసుకుంటాను. ఆ కంగారు పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు.

ఈ మాత్ర వేసుకునేవాళ్లకు ఒక్క మాట. ఇంట్లో చావొచ్చినా, ఉపవాసమున్నా, తిండి మారిన రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. పరీక్ష తేదీ మీతోపాటు ఇంట్లో ఇంకొకరికి నోటికి వచ్చేట్టు చూసుకోండి. మా ఇంట్లో అది అన్నకు వచ్చేది. ఇప్పుడు వదినకు వస్తుంది.