డ్యామేజీ గుడ్డతో డేరా

సూరత్‌లోని ఉధ్నాలో మేము పన్నెండు మందిమి ఒక గదిలో ఉండేవాళ్ళం. ఆ గదిలో చాపలు ఆరే పడతాయి. అయినా పన్నెండు మందికీ సరిపోయేది. ఆరుగురిది దిన్‌పాళీ, ఆరుగురిది రాత్‌పాళీ. పగలు మగ్గాలు నడిపేవాళ్ళ చాపల మీద, రాత్రంతా నడిపి వచ్చినవాళ్ళు పడుకుంటారు. పదిహేను రోజులకోసారి పాళీలు మారతాయి. ఒక్కో చాపకు ఇద్దరు మనుషులు, ఇద్దరూ ఒకేసారి పడుకునే అవసరం మాత్రం ఉండదు. కరెంటు ఆపి మగ్గాలకు సెలవిచ్చే రోజున నేను భేస్తాన్‌లో మా మేనబావ గదికి పోయేవాణ్ణి.

నా చాపకు రెండో మనిషి జగిత్యాల దిక్కువాడు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఆరేళ్ళు ఒకే చాప మీద పడుకున్నాం కానీ, కూర్చుని నాలుగు మాటలు చెప్పుకున్నది లేదు. అయినా అతని మీద నా దగ్గర ఫిర్యాదులకు కొదవ లేదు. తలకు చేతికందినంత కొబ్బరినూనె రాసుకుని నా దిండు మీదే పడుకునేవాడు. నా మేకుకు తన చొక్కా తగిలించేవాడు. అన్నిటికంటే పెద్దది వేరే ఉంది. ఒకసారి అందరూ అన్నాలు తింటుంటే, "ఆయన డ్యూటీకి పోయినా గా చాప సణుగుతనే ఉంటది" అన్నాడట. నేనప్పుడు మగ్గం మీద ఉన్నాను. నవ్వుతూ వచ్చి చెప్పారు. నేను నవ్వలేదు. ఆ రోజు వంకాయ కూర వండారన్న సంగతి కూడా నాకు ఇప్పటికీ గుర్తే.

లాక్‌డౌన్ పెట్టిన రోజు ఉధ్నా మొత్తం మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు లేకపోతే మాకు మాట్లాడటం రాదని అప్పుడే తెలిసింది. ఒకరి చెవిలో ఒకరం అరుచుకుంటూనే ఉన్నాం. మధ్యాహ్నానికి పన్నెండు మందిమీ గదిలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. మాలో పెద్దవాడు, వంట చూసుకునే కాక, తీర్పు చెప్పాడు.

"పాళీ పాళీయే. మగ్గాలు బందైనయ్ గని, చాపలు బంద్ గాలే. ఎవని పాళీల వాడు పండుకోవాలె."

అందుకని పని లేకపోయినా పాళీల ప్రకారమే నిద్రపోయాం. దిన్‌పాళీ వాళ్ళు పగలంతా మెట్ల మీద కూర్చునేవాళ్ళు. రాత్‌పాళీ వాళ్ళు రాత్రంతా గోడకు ఆనుకుని ఉండేవాళ్ళు. నాకు ఆ పదిహేను రోజులూ రాత్‌పాళీ పడింది. పగటి నిద్ర నాకు పడదని కాకకు రెండుసార్లు చెప్పాను. ఆయన పట్టించుకోలేదు. అది కూడా నేను మరిచిపోలేదు.

నాలుగో వారంలో నా చాప మనిషికి జ్వరం వచ్చింది. వెంట దగ్గు. మా గల్లీ మొదట్లో ఆగిన వైద్యం బండి దగ్గరికి నేనే తీసుకుపోయాను. ప్లాస్టిక్ బట్టలు వేసుకున్న డాక్టరమ్మ మాత్రలు, ఒక థర్మామీటరు ఇచ్చింది. వేరే గదిలో ఉంచండి, ఊపిరి అందకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురండి అని హిందీలో చెప్పింది. వేరే గది అన్న మాట విని అతను నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

తిరిగి వస్తే అతన్ని గదిలోకి అడుగుపెట్టనివ్వలేదు. కాక గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. కోపంగా మాత్రం లేడు.

"నేనేం జెయ్యాలె జెప్పు? లోపల పది మంది ఉన్నరు. అందరింట్ల పిల్లలున్నరు."

"నువ్వేం జెయ్యకు కాకా," అన్నాడు అతను. "నా సంచి ఇయ్యి. నడిసి పోత."

"యాడికి?"

"ఇంటికి."

నూటరెండు జ్వరంతో సూరత్ నుంచి జగిత్యాలకు నడిచిపోతానన్నాడు. సంచి అందించారు కూడా. అతను మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కోబోయాడు. ఒక చెప్పు ఎక్కింది కానీ రెండోది ఎంతకీ కాలికి ఎక్కలేదు. వంగితే దగ్గు. లేస్తే దగ్గు. నేను చూస్తూ నిలబడ్డాను. ఇతని చెమట ఆరకముందే ఆ చాప మీద పడుకునేది నేను. ఇతనికి వచ్చిందంటే నాకూ వచ్చినట్టే. చెప్పు కూడా తొడుక్కోలేని ఆ మనిషిని రోడ్డు మీదికి పంపితే, నన్ను నేను పంపుకున్నట్టే అనిపించింది.

మిగిలింది మిద్దె ఒక్కటే. సూరత్‌లో అగాసీ అంటారు. మా ఇంటామె మూడు తరాల కింద వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళ మనిషి. అగాసీ మీద నీళ్ళ ట్యాంకు ఉంది కాబట్టి అద్దెవాళ్ళు ఎవరూ ఎక్కరాదని ఆమె రూలు. అంతకు ముందు సంవత్సరం ఎండకు ఆరేసుకున్న నా బొంతను పైనుంచి కిందికి విసిరేయించిన మనిషి ఆమె. కానీ ఆమెకు మోకాళ్ళ నొప్పులు, పైకి రాదు. ఆమెను అడగకుండానే అతన్ని పైకి ఎక్కించాను.

వైశాఖపు ఎండలో సూరత్ మిద్దె పెనం లాంటిది. నీడంటే ట్యాంకుదే. అది పొద్దున ఒక పక్క పడితే సాయంత్రం ఇంకో పక్క పడుతుంది. మేమెవరం దగ్గరికి పోకూడదు. అంటే జ్వరంతో ఉన్న మనిషే రోజుకు రెండుసార్లు తన గూడును తానే జరుపుకోవాలి. కాబట్టి ఏం చేసినా తేలికగా ఉండాలి. నీరసంగా ఉన్నవాడు ఒంటి చేత్తో ఎత్తగలగాలి.

నా పెట్టెలో పన్నెండు మీటర్ల పాలిస్టర్ గుడ్డ ఉంది. నాలుగేళ్ళ కిందట పడుగులో చార వచ్చిందని మా శేఠ్ ఆ డ్యామేజీ అంతా నా నెత్తిన రుద్ది, గుడ్డను నా మొహాన కొట్టాడు. తప్పు నాది కాదు, వాళ్ళిచ్చిన పడుగుదే. ఇప్పటికీ అదే అంటాను. ఎప్పటికైనా నలుగురిలో పెట్టి తేల్చుకోవాలని సాక్ష్యంగా దాచాను. ఆ గుడ్డను బ్లేడుతో రెండు చేసి, ఎండ దిగకుండా రెండు పొరలుగా కుట్టాను. నడిమి మడత మీద కొవ్వొత్తి గట్టిగా రుద్దాను, చినుకు పడితే జారిపోవడానికి. మొత్తం మడిస్తే దిండు గలీబులో పట్టింది.

కర్రలకు రెండు బూజు కర్రలు సరిపోయాయి. అడుగున జారకుండా తెగిన రబ్బరు చెప్పును ముక్కలు కోసి, రంధ్రం చేసి తొడిగాను. సిమెంటు మీద మేకులు దిగవు కదా, అందుకని కూల్‌డ్రింకు సీసాల్లో నీళ్ళు నింపి మూతుల దగ్గర తాళ్ళు కట్టాను. గూడు జరపాలంటే సీసాలను ఒక్కొక్కటిగా జరుపుకోవచ్చు. బియ్యం సంచుల్లో మగ్గాల దగ్గరి వేస్టు దారం కూరితే పరుపు అయింది, ఎత్తితే బరువే తెలియదు. పాలపొడి డబ్బాకు అడుగునా పైనా మేకుతో రంధ్రాలు కొట్టి పొయ్యి చేశాను. నాలుగు కొబ్బరి చిప్ప ముక్కలకే గ్లాసు నీళ్ళు మరిగేవి. డబ్బాకున్న రంగు పోయేదాకా ఒకసారి ఉత్తగా మండించాలి. నేను ఆ పని చేయకుండా ఇచ్చాను. పొగకు మొదటి రోజు అతను దగ్గి దగ్గి చచ్చాడు. ఆ తప్పు నాదే.

తాళ్ళు పాలిస్టర్ దారం పేని చేసినవే. ముక్కలు ముక్కలుగా ఉన్నవాటిని పదకొండు మందిమీ కూర్చుని ముడేశాం. గదిలోకి రానివ్వని కాక కూడా కూర్చున్నాడు. ఆయన ముడులే అందరికంటే ముందు పూర్తయ్యాయి. అన్నం గిన్నె పైకి పంపడానికి కిటికీ దాకా ఒక తాడు వేలాడదీశాం.

నేను మెట్ల చివర, తలుపు ఇవతల కూర్చునేవాణ్ణి. అతను ట్యాంకు పక్కన.

"అన్నా, నీడ జరిగింది."

"జరిగితే నువ్వు గూడ జరుగు. నేనొచ్చి జరప."

"గింత సక్కగ కుట్టినవ్, దర్జీ పని జేసుకోవాల్సింది."

"దర్జీ పని జేస్తే నీ తలనూనె నా దిండుకు అంటకపోవు."

అతను పరుపు మీద పక్కకు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నువ్వు లేసినంక దుప్పటి మడత పెట్టవు అన్నా. ఆరేండ్లు నేనే పెట్టిన. నేనేమన్న అన్ననా?"

దుప్పటి ఎవరు మడతపెడుతున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆరో రోజు సాయంత్రం సముద్రం దిక్కు నుంచి గాలి లేచింది. గుడ్డ పొంగుతూ పడుతూ ఉంటే తాళ్ళు ఒకసారి వదులై ఒకసారి బిగుసుకున్నాయి. నేను చూస్తుండగానే ఒక్కో ముడి జారి ఊడిపోయింది. డేరా లేచి, పిట్టగోడ దాటి, ఒక బూజు కర్రతో సహా ఇంటామె వాకిట్లో ఎండబెట్టిన వడియాల మీద పడింది. అతను పరుపు మీద తల పట్టుకుని ఎండలో కూర్చుండిపోయాడు.

కింద ఇంటామె కేక వినిపించింది. మా గదివాళ్ళు తలుపు దగ్గరికి వేశారు. కాక లోపలినుంచి, "మాకేం తెల్వదమ్మా" అనడం విన్నాను. ఆ మాట కూడా నాలో ఉండిపోయింది. మూతికి తువాలు చుట్టుకుని నేనే దిగాను. ఆమె వాకిలి మధ్యలో తాడు ముక్క పట్టుకుని నిలబడి ఉంది.

"ఆడనే నిలబడు. దగ్గరికి రాకు. పైన ఎవడున్నడు?"

చెప్పాను. జ్వరం సంగతీ చెప్పాను.

"అరె భాయ్! నా ఇంట్ల, నా నీళ్ళ ట్యాంకు పక్కన! లోపల మా అత్తకు ఎనభై ఏండ్లు. ఇయ్యాలనే పంపియ్యి."

నేను మొదలుపెట్టాను. నా బొంత విసిరేయించిన రోజు నుంచి మొదలుపెట్టి, వానాకాలమంతా కారిన గోడ, మూడు నెలలు వేయని మెట్ల లైటు, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆమె విన్నది. వింటూ వింటూ చేతిలోని తాడును తిప్పి చూస్తోంది.

"అయిపోయిందా?" అంది. "నువ్వు సూరత్‌ల అందరి మీద కంప్లేంటు జేస్తవ్. పైనున్నోని మీద లేదా?"

"ఉంది. శానా ఉంది."

"మరి?"

"మనిషి ఉంటే గదా అమ్మా జేసేది."

ఆమె తాడు కొసను వేళ్ళతో తడిమింది.

"గీ ముడులు ఎవరేసిండ్రు?"

"మేమే."

"మగ్గం ముడి ఏసిండ్రు. కొసలు గూడ పండ్లతోని కొరికిండ్రు. పన్నెలకెల్లి పోవాలె మరి, అంతేనా?"

అప్పుడు అర్థమైంది. మగ్గం మీద దారం తెగితే క్షణంలో ముడేసి, దువ్వెన లాంటి పన్నె పళ్ళ మధ్య ఇరుక్కోకుండా కొసలు పూర్తిగా కత్తిరించాలి. మేమందరం ఏళ్ళ తరబడి ఇదే చేశాం. తాడు చేతికిచ్చినా వేళ్ళకు అదే ముడి వచ్చింది. వదులూ బిగువూ అయ్యే నున్నటి తాడుకు ఆ చిన్న ముడి నిలవదు. మాకు ఇంకో ముడి రాదు.

"మా నాయన గూడ మగ్గమే నేసె," అంది ఆమె. "బర్రెను గీ ముడితోనే కట్టేసి దానెనక ఊరంత ఉరికిండు."

ఆరడుగుల అవతల నిలబడి కిటికీ ఊచకు తాడు రెండు చుట్లు చుట్టి, కొసను జానెడు వదిలి, లోపలినుంచి తిప్పి లాగింది. మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టింది. నన్ను మూడుసార్లు కట్టించింది. రెండుసార్లు తప్పన్నది. ఒకటి నిజంగా తప్పే, రెండోది కాదు.

"పోయి కట్టు. ట్యాంకు మూత తియ్యద్దు. ఇంకొకడు ఎక్కద్దు. నీ మొహం జూసి గాదు, తెలుసుకో."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నది. అయినా నేను గుడ్డ ఎత్తుకుని మెట్లెక్కాను. నేను తలుపు దగ్గరి నుంచి కడుతూ చూపిస్తే, అతను అక్కడి నుంచే చూసి కట్టుకున్నాడు. పొద్దు గుంకేలోపు డేరా మళ్ళీ నిలబడింది.

ఆ తర్వాత నాలుగు రోజులు చాలా భయపడ్డాను. జ్వరం తగ్గలేదు. మాట పలచబడింది. ఊపిరి ఎలా ఉందని గంటకోసారి అడిగేవాణ్ణి. "నువ్వే అడిగి అడిగి ఊపిరి తీసేస్తున్నవ్" అని విసుక్కునేవాడు. విసుక్కున్నంతసేపు నాకు ధైర్యంగా ఉండేది. మాట్లాడకపోతే తలుపు మీద కొట్టేవాణ్ణి.

పదకొండో రోజు పొద్దున థర్మామీటరు చూసి అరిచాడు, "తొంబై ఎనిమిది."

"మల్ల పెట్టు."

"గదే అన్నా."

"నోట్ల సరిగ పెట్టినవా? మల్ల పెట్టు."

మూడోసారి కూడా అదే అన్నాడు. ఆపైన, పప్పు వద్దు, ఏదన్నా కారంగా పంపమన్నాడు. కిందికి పోయి కాకతో ఉల్లిగడ్డ కారం నూరించి, గిన్నె నిండా అన్నం పెట్టి తాడుకు కట్టాను. కాసేపటికి గిన్నె కిందికి వచ్చింది. ఇన్ని రోజుల్లో అది ఖాళీగా రావడం అదే మొదటిసారి. కానీ మూత లేదు.

నేను మెట్లెక్కి తలుపు దగ్గర నిలబడి అరిచాను. "మూతేది? ఉన్నది ఒక్కటే మూత! నీకు ఇచ్చిన వస్తువ ఏదన్న సక్కగ వాపస్ వచ్చిందా ఇన్నేండ్ల?"

డేరా లోపల అతను నవ్వాడు. ఆ నవ్వు కొంచెంసేపు సాగింది. అది ఆగాక వెనకే దగ్గు వస్తుందేమోనని మెట్టు మీద కదలకుండా నిలబడి విన్నాను. రాలేదు.