పడవ బొమ్మ బడి

కరోనాకు మూతపడిన బడులు తెరుచుకున్న మరుసటి ఏడాది జూన్‌లో, యానాం విద్యాశాఖ కార్యాలయంలో ప్రైవేటు ప్రాథమిక పాఠశాలల గుర్తింపు పని నాకు అప్పగించారు. అంతకుముందు చాలాకాలం ప్రధానోపాధ్యాయినిగా చేసి తనిఖీ విభాగానికి వచ్చాను. అప్పటికి రిటైర్మెంటు దగ్గరపడింది. గుర్తింపు అంటే ఏమిటో బయటివాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి చెబుతాను. ప్రైవేటు బడి నడపాలంటే భవనం గట్టిదని ఇంజనీరు, నిప్పంటుకుంటే ఆర్పే ఏర్పాటు ఉందని అగ్నిమాపక శాఖ, నీళ్లూ మరుగుదొడ్లూ బాగున్నాయని ఆరోగ్యశాఖ కాగితాలివ్వాలి. పాఠం చెప్పేవాళ్లకు తగిన చదువుండాలి. ఇవన్నీ చూసుకుని మా శాఖ ఇచ్చే అనుమతే గుర్తింపు. అది లేకుండా ఎవరైనా బడి పెడితే మూయించాలి. ఆ మూయించేది నేను.

వేసవి సెలవులయ్యాక బడులు తెరిచిన కొత్తలో ఫరంపేట నుంచి నాగమణి అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. కొడుకును ఒకటో తరగతిలో వేయాలట. ఏ బడిలో అంటే పేరు తెలియదంది.

“అదేనండి, మావిచిగురు రంగు గౌను, జేబు మీద పడవ బొమ్మ కుట్టుంటది. ఆ బడండి. ఆ గౌనేసుకున్న పిల్లని సూత్తే ముచ్చటేత్తదండి. కదల్దు, మెదల్దు, నోరిప్పదు. మావోడు ఒక్క సనం ఓచోట నిలబడడు. ఆ బడెక్కడుందో సెప్పారంటే ఈణ్ణీ అందులో ఏసేత్తాం.”

యానాంలో బడులెన్ని, ఏ బడి పిల్లలు ఏ రంగు వేసుకుంటారు అన్నది నాకు నోటికి వచ్చు. పడవ బొమ్మ బడి అంటూ ఏదీ లేదు. ఆ మాటే చెబితే, ఆమె నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది. నేనూ అంతటితో వదిలేసేదాన్నే. కానీ మా అటెండరు సత్తిబాబు టీ గ్లాసు బల్ల మీద పెడుతూ, “ఆ గౌను నేనూ సూసానండి, రేవు కాడ” అన్నాడు. ఇక ఆ టీ నాకు సహించలేదు.

మా ఊరి చిక్కు ఒకటుంది. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, చుట్టూ ఉన్నదంతా ఆంధ్రా. వంతెన దాటితే వేరే ప్రభుత్వం, వేరే విద్యాశాఖ. కనకాలపేటలో అడిగితే ఆ బడి ఫరంపేటలో ఉందన్నారు. ఫరంపేటలో అడిగితే దరియాలతిప్ప అన్నారు. దరియాలతిప్పలో “అటుపక్కండి” అంటూ నది అవతలికి చెయ్యి చూపించారు. అటుపక్క మండల విద్యాధికారికి ఫోన్ చేశాను. ఆయనా ఆ గౌను గురించి విన్నాడట, అది యానాం బడే అనుకున్నాడట. కొత్త బడికి అనుమతిచ్చి మాటమాత్రం చెప్పలేదేమని నా మీదే నిష్ఠూరమాడాడు. గౌను ఉంది, చూసినవాళ్లున్నారు, బడి మాత్రం లేదు. మా ఆఫీసరుగారు మెత్తని మనిషి, అయినా మెత్తగానే చురక అంటించారు. ఊళ్లో అనుమతి లేని బడి నడుస్తుంటే సీటు కోసం వచ్చిన ఆడమనిషి చెబితే గాని మనకు తెలియలేదు, ఇక పైవాళ్లకు ఏం చెబుతాం అన్నారు.

ఆ వారంలోనే రేవు దగ్గర ఆ గౌను నా కంటబడింది. పది దాటింది, బడి వేళ. ఆరేడేళ్ల పిల్ల, బోటు ఇంజను విప్పుతున్న తండ్రి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. గౌను ఇస్త్రీ చెక్కుచెదరలేదు. ఏ బడమ్మా అంటే తండ్రి మొహం చూసింది. అటుపక్క బడి అన్నాడతను. ఇవాళ బడి లేదా అంటే సెలవన్నాడు. ఏం సెలవు అంటే చేతిలో ఉన్న స్పానరు వైపు చూశాడు. మీ టీచరు పేరేమిటని పిల్లను అడిగాను. నోరు తెరిచింది, మూసింది, తల దించుకుంది. నిజం చెప్పొద్దూ, ముందు నాకు తోచింది ఇది: దొంగబడైతే అయింది గాని, పిల్లలకు క్రమశిక్షణ బాగానే నేర్పుతున్నారు.

జేబు మీది పడవను దగ్గరగా చూశాను. మెషీన్ పని కాదు, చేత్తో కుట్టింది. బడి యూనిఫాం అంటే గుడ్డ తానులుగా వస్తుంది, ఒక దర్జీకి మొత్తం అప్పగిస్తారు. దర్జీ దొరికితే బడి దొరుకుతుందని నా లెక్క. బడి మొత్తానికి జేబులన్నిటి మీదా ఎవరూ కూర్చుని చేత్తో కుట్టరని నాకు అప్పుడే తట్టాలి. తట్టలేదు. గుడ్డల కొట్టులో వాకబు చేస్తే, అంత శుభ్రమైన కుట్టు కనకాలపేట సువార్తదే అయ్యుంటుందన్నారు.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. అరుగు మీద మెషీన్, దాని ముందు ముప్పై ఏళ్లు మించని సువార్త. లోపలి గదిలోంచి ఎవరో పిల్ల గొంతు గలగలా వినిపిస్తోంది. పీత నిద్రపోతుందా, పోతే కళ్లు లోపలికి లాక్కుంటుందా, మరి దాని పిల్లలకు అమ్మ ఎవరో ఎలా తెలుస్తుంది అని ఊపిరి తీసుకోకుండా అడుగుతోంది. జవాబు కోసం ఆగడం కూడా లేదు. నేను ఎవరో చెప్పుకుని, పడవ బొమ్మ గౌన్లు కుట్టింది నువ్వేనా అని అడిగాను. మెషీన్ ఆగింది.

“నేనేనండి.”

“ఎన్ని జతలు కుట్టావు?”

“రెండండి.”

రెండు జతలతో నడిచే బడి ఏమిటమ్మా అన్నాను, కాస్త గట్టిగానే. సువార్త లేచి నిలబడింది.

“బడి లేదండి. ఆ రెండూ మా పాపకేనండి.”

అంతలో లోపలి పిల్ల గుమ్మంలోకి వచ్చింది. వెలిసిపోయిన పూల గౌను, జుట్టు రేగిపోయి ఉంది. రేవు దగ్గర చూసిన పిల్ల అని పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. పేరు బ్లెస్సీ.

అరుగు మీద కూర్చుని విన్నాను. సువార్త డిగ్రీ చదివింది, పెళ్లికి ముందు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పింది. కరోనా రోజుల్లో బ్లెస్సీ ఇంట్లోనే పెరిగింది. నాన్న దావీదు ఇంజన్లు విప్పుతుంటే బోల్టులు ఏరేది, అమ్మ కుడుతుంటే ముక్కలు కత్తిరించేది, అడ్డూ ఆపూ లేకుండా ప్రశ్నలు వేసేది. బడులు తెరిచాక యూకేజీలో వేశారు. అక్కడ ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరి మీదా ఫిర్యాదు కాదని సువార్త నాతో మళ్లీ మళ్లీ చెప్పింది. పిల్ల మాత్రం పొద్దున్న తిన్నది తిన్నట్టు కక్కుకునేది. తరువాత మాట తగ్గింది. క్రిస్మస్ నాటికి ఇంట్లో కూడా తల ఊపడమే తప్ప మాట లేదు. ఆస్పత్రిలో చూసి ఏ జబ్బూ లేదన్నారు. బడి మానిపించాక మాట మెల్లగా తిరిగొచ్చింది. ఫోన్‌లో వీడియోలు పెట్టే ఇలాంటి తల్లిదండ్రుల మాటలు వింటూ సువార్తకు ఒక దారి కనబడింది. పిల్లను బడికి పంపరు, ఇంట్లోనూ బడి పెట్టరు. పిల్ల దేని గురించి అడిగితే దాని వెంట వెళతారు. దాన్ని అన్‌స్కూలింగ్ అంటారట. అంతకాలం బడుల్లో పనిచేసి, ఆ మాట మొదటిసారి ఒక దర్జీ అరుగు మీద విన్నాను.

మరి గౌను ఎందుకు కుట్టావని అడిగాను.

“అడుగుతారండి. పాల కాడ అడుగుతారు, చర్చిలో అడుగుతారు, మా అత్తగారైతే పిల్ల బతుకు పాడు సేత్తన్నావని ఫోన్‌లో ఏడుత్తారు. మొదట్లో జొరం అన్నాను. ఎన్నాళ్లని జొరం అంటామండి? అటుపక్క బడిలో ఏసామన్నాను. అటుపక్క మా అమ్మగారి ఊళ్లో అడిగితే యానాం బడన్నాను. మరి బడికెళ్లే పిల్లకి గౌనుండాలి కదండీ.”

నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వబోయి, ఏడ్చేసింది.

అసలు సంగతి తరువాత వచ్చింది. ఆ అబద్ధం తనకే చుట్టుకుందని చెప్పింది. గౌను వేశాక తొమ్మిదయ్యేసరికి తనకు కంగారు మొదలవుతుందట. పలక తీయి, కూర్చో, రాయి అని అరుస్తుందట. “బడి వద్దనుకుని నేనే బడి పెట్టానండి” అంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన దావీదు నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. గౌను వద్దని మొదట్నుంచీ అన్నానన్నాడు. వెంటనే, పంపకపోవడం కూడా వద్దనే అన్నానన్నాడు. మరి ఏం కావాలయ్యా అంటే, తెలిస్తే ఇలా ఎందుకుంటామండి అన్నాడు.

నా పరిస్థితీ అంతకంటే మెరుగ్గా లేదు. వృత్తి అలవాటు కొద్దీ పిల్ల ముందు పుస్తకం పెట్టాను. ‘బ’ గుర్తుపట్టింది, తన పేరులో ఉంది గనక. మరికొన్ని అక్షరాలు తెలుసు, కలిపి చదవడం రాదు. ఆ వయసుకు అది వెనకబాటే. మా బడిలో అయితే అలాగే రాసేదాన్ని. కానీ పుస్తకం మూయగానే, “మీరు బళ్లన్నీ సూత్తారు కదండీ, మీకే బడి ఇట్టం?” అని అడిగింది. ఒక్క బడి పేరూ నోటికి రాలేదు. బడికి రాని పిల్లను తీసుకొచ్చి కూర్చోబెట్టడం కూడా నా పనే. కూర్చోబెడితే ఈ నోరు మళ్లీ మూతపడదని నేను హామీ ఇవ్వగలనా? ఇవ్వలేను. కూర్చోబెట్టకపోతే రేపు ఈ పిల్లకు చదువు రాకపోతే?

తెలియనిది పక్కన పెట్టి తెలిసింది చెప్పాను. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని చట్టం చెబుతుంది, చేర్చనందుకు వాళ్లకు శిక్షంటూ రాయలేదు. పిల్ల ఏ వయసులో వచ్చినా, ఇంతకుముందు బడి ముఖం చూడకపోయినా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల్సిందే. పరీక్ష పెట్టి వెనక్కి పంపకూడదు, టీసీ లేదని ఆపకూడదు. వెనకబడినచోట విడిగా నేర్పించడం బడి పని. ఇది మాకు రోజూ వాడి అరిగిపోయిన నిబంధన. సువార్త మాత్రం ఆశ్చర్యంగా విని, మళ్లీ చెప్పమంది.

“పదేళ్లకొచ్చినా తీసుకుంటారా అండి?”

తీసుకుంటారన్నాను. ఇప్పుడు పంపకపోతే తలుపు శాశ్వతంగా మూసుకుపోతుందని ఇంతకాలం అనుకుందట. అలా కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ఆఫీసేమో దొంగబడిని వెతుక్కుంటూ తిరుగుతోంది.

రేవు దగ్గర చూసిన పిల్ల సంగతి కూడా చెప్పాను. గౌనులో ఉన్నప్పుడు నోరు విప్పలేదు, ఇక్కడ నోరు మూయడం లేదు, అది మీరు గమనించారా అన్నాను. భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు. గమనించారు, కానీ ఒకరికొకరు చెప్పుకోలేదు. తాము చేస్తున్నది తప్పేనా అని సువార్త నన్ను సూటిగా అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. అధికారిగా ఆ మాట అనడం నాకే వింతగా అనిపించింది.

ఆఫీసుకు వచ్చి, ఆ పేరుతో గాని ఆ యూనిఫాంతో గాని బడి ఏదీ లేదని నివేదిక రాశాను. మరి పిల్ల అన్నారు ఆఫీసరుగారు. ఇంట్లో ఉంది, మన తలుపు తెరిచి ఉందని వాళ్లకు తెలుసు, అప్పుడప్పుడు వెళ్లి చూస్తానన్నాను. ఆయన సంతకం పెడుతూ, ఇది పని చేయడమా, చేయకపోవడమా అన్నారు. నేనూ అదే ఆలోచిస్తున్నానన్నాను. నాగమణి మరోసారి వచ్చింది. బడి లేదంటే నమ్మలేదు. సీట్లన్నీ గొప్పోళ్లకి దాచేసుకున్నారని సత్తిబాబుతో అనేసి వెళ్లింది.

వానలు తగ్గాక ఒకనాడు చేపల బజారులో సువార్త కనబడింది. పక్కన బ్లెస్సీ, పూల గౌనులో. రొయ్యలమ్మే ఆమె తక్కెడ ఎత్తుతూ, “ఏ బడే నువ్వు?” అని పిల్లను అడిగింది. పిల్ల తల్లి వైపు చూసింది. నేను బేరం ఆపేసి నిలబడిపోయాను.

“బడికెళ్లదండి. ఇంటికాడే” అంది సువార్త.

“ఆయ్, అలాగా” అంది రొయ్యలామె. “అరకిలో సరిపోద్దా, కిలో తూచెయ్యనా?”

అంతే. రెండు జతల గౌన్లు, రెండు ప్రభుత్వాలను తికమకపెట్టిన అబద్ధం, తల్లి పడిన నరకం, అన్నీ ఆ ఒక్క ప్రశ్నకు భయపడే. సువార్త కిలో తూయించుకుంది. బ్లెస్సీ అప్పుడే రొయ్యకు కాళ్లెన్నని మొదలుపెట్టేసింది. తరువాత ఒకసారి వాళ్ల ఇంటికి వెళితే, మావిచిగురు రంగు గుడ్డ మెషీన్ మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది.

కిందటేడు బ్లెస్సీ తనే అడిగి నాలుగో తరగతిలో చేరిందని, దసరా సెలవుల తరువాత మానేసిందని, మళ్లీ వెళతానంటోందని విన్నాను. చదవడం వచ్చింది. లెక్కలు అంతంతమాత్రమట. సువార్త దంపతులు చేసింది సరైనదో కాదో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. బడికి రాని పిల్లల ఇళ్లకు వెళ్లినప్పుడు, మేము మొదట అడిగే ప్రశ్న ఎందుకు పంపడం లేదని. ఆ తరువాత ఉద్యోగం ఉన్నంతకాలం ఆ ప్రశ్నను రెండోది చేశాను. ఎప్పుడు తీసుకొచ్చినా చేర్చుకుంటామని ముందు చెప్పేదాన్ని. అది విన్నాక జ్వరం, అటుపక్క బడి లాంటి మాటలు చెప్పినవాళ్లు తక్కువ.