నబీ చేతి సూదిమందు

ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లకు టంకం పెట్టే నబీ మా కింద వాటాలో పదకొండేళ్ళు అద్దెకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఒంటిమీద బట్టలు ఎంత తెల్లగా ఉన్నా చేతులు మాత్రం ఎప్పుడూ మసే. వన్ టౌన్‌లో మా సందు సంగతి చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. సరుకు దించే తోపుడుబళ్ళ మధ్యనుంచి అతను సైకిల్ నడిపించుకుంటూ వస్తుంటే గుమ్మంలో కూర్చున్న కూతురు అర్ఫా దూరం నుంచే బెల్లు గుర్తుపట్టి లేచేది.

నా గురించి కూడా చెప్పాలి, ఇందులో నా పాత్ర చిన్నదేం కాదు. నా పేరు రమాసుందరి. మునిసిపల్ స్కూల్లో ఏడో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. నోరు కాస్త పెద్దది. కుళాయి దగ్గర నీళ్ళు వృథా చేస్తే ఎవరినీ వదిలేదాన్ని కాదు, నబీ భార్య జహీదాతో సహా. అయినా ఆవిడ నన్ను అక్కా అనే పిలిచేది.

అర్ఫాకు తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్ళకొచ్చే రకం కాదు. మాత్రలతో సరిపోదు, బతికినన్నాళ్ళూ రెండు పూటలా ఇన్సులిన్ సూది పడాల్సిందే. జహీదాకు సూది చూస్తేనే కళ్ళు తిరిగేవి. అందుకని నబీ నేర్చుకున్నాడు. పొద్దున పనికి వెళ్ళేముందు, సాయంత్రం రాగానే, సబ్బుతో మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కునేవాడు. ఆ మసి వదిలేసరికి పావుగంట పట్టేది.

"ఇంత తోముడు ఎవరికోసం అబ్బాజాన్, ఇంజనుకా, నాకా?" అని అర్ఫా వేళాకోళం చేసేది.

"ఇంజనయితే ఇంత వాగదుగా" అంటూనే సూది వేసేసేవాడు. పిల్ల నవ్వు పూర్తయ్యేలోపే అయిపోయేది. మెట్లమీంచి చాలాసార్లు చూశాను. అంత మోటు చేతులకు అంత నాజూకుతనం ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకునేదాన్ని.

వాళ్ళకు ఫ్రిజ్ లేదు. మందు సీసాలు మా ఫ్రిజ్‌లో ఉండేవి. మేం గుడ్లు తినం కనుక తలుపుకున్న కోడిగుడ్ల గుంటలు ఎప్పుడూ ఖాళీయే. ఇన్సులిన్ సీసా ఆ గుంటలో కొలిచినట్టు కూర్చునేది.

1998 మే నెల. ఎండలు మండిపోతున్నాయి, కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వస్తోంది, ఇష్టమొచ్చినప్పుడు పోతోంది. ఓ సాయంత్రం నబీ కొత్త సీసా తెచ్చి నా చేతికిచ్చాడు. మర్నాడు నేను కంకిపాడులో మా చెల్లెలింటికి వెళ్ళాలి, రెండు రోజులదాకా రాను. వాడుతున్న సీసాను జహీదా కిందికి తీసుకుపోయి నీళ్ళకుండ పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టుకుంది. కొత్తది నా దగ్గరే ఉండిపోయింది. నేను లేనప్పుడు కరెంటు పోతే ఆ మందు ఏమైపోతుందోనని నాకు బెంగ పట్టుకుంది. చల్లగా ఉంచమన్నారు కదా, మరీ చల్లగా ఉంటే ఇంకా మంచిదనుకుని, పైన ఐసు అరలో పెట్టి ఇంటికి తాళం వేసుకుని వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి గడ్డకట్టి ఉంది. బయట పెడితే కరిగింది. అడుగున సన్నటి నూకలాంటిది కనిపిస్తే సీసా కదిపాను, కలిసిపోయినట్టే అనిపించింది. మళ్ళీ గుంటలో పెట్టేశాను. నీళ్ళు గడ్డకడితే సీసాలు పగులుతాయని క్లాసులో బల్లగుద్ది చెప్పేదాన్ని. సీసా పగల్లేదని సంబరపడ్డాను. చదువుకున్నవాళ్ళ తెలివితక్కువతనం ఇలాగే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. అప్పటికి దాచాలని కాదు, చెప్పాల్సిన సంగతని తోచలేదు.

కొత్త సీసా మొదలుపెట్టిన నాలుగో రోజుకు అర్ఫా చెంబులకు చెంబులు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. దొడ్లోకి తిరగడమే పని. మొహం పీక్కుపోయింది. షుగర్ పెరిగిందని నబీకి అర్థమైంది. సూది తనే వేస్తున్నాడు, ఒక్క పూట కూడా తప్పలేదు. అంటే పిల్ల దొంగచాటుగా ఏదో తింటోందన్నమాట. వెతికితే జామెట్రీ బాక్సులో బంగారు రంగు చాక్లెట్ కాగితాలు దొరికాయి. అవి సందులో ఏరుకొచ్చి బొమ్మలకు గౌన్లు కట్టుకునే కాగితాలని అక్కడి ఆడపిల్లలందరికీ తెలుసు. నబీకి తెలీదు.

"తినలేదు అబ్బాజాన్. అల్లా మీద ఒట్టు."

"ఒట్టేసి మరీ అబద్ధమాడతావా?"

దెబ్బల చప్పుడు పైకి వినిపించింది. నేను పరుగున దిగి, "బుద్ధుందా నీకు? జబ్బుపిల్లను కొడతావా?" అని అరిచాను. నబీ అప్పటికే గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు.

"ఇలా తింటే చచ్చిపోద్ది టీచరుగారూ. ఎంత చెప్పినా దానికి అర్థం కావట్లేదండీ" అన్నాడు.

తెల్లారేసరికి పిల్లకు వాంతులు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. పరుగెత్తి వచ్చినదానిలా పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తోంది. నోట్లోంచి మగ్గిపోయిన పళ్ళ వాసన. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తోంది. ముగ్గురం కలిసి ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చూస్తూనే కీటోఅసిడోసిస్ అంది. మేం తెల్లమొహాలు వేస్తే విడమరిచి చెప్పింది. ఇన్సులిన్ అందక ఒంట్లో కొవ్వు కరిగిపోయి, రక్తంలో ఆమ్లం పేరుకుంటోందట. ఇంకో పూట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదట. సైన్సు టీచర్ని నేను, ఆ మాట వినడం అదే మొదలు.

రెండు రోజులు సెలైన్ ఎక్కుతూనే ఉంది. గంటగంటకూ వేలు పొడిచి చూసేవారు, ఇన్సులిన్ కొంచెం కొంచెంగా ఎక్కించేవారు. నబీ వరండాలో నేలమీద కూర్చుని, ఎవరు బయటికొచ్చినా లేచి నిలబడేవాడు. మూడో రోజు పొద్దున అర్ఫా కళ్ళు తెరిచి వాళ్ళమ్మను గంజి అడిగింది. అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. నబీ మంచం దగ్గరికి వెళ్ళి నుదురు తాకబోయాడు. పిల్ల చప్పున రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. కొడతాడనుకుంది. నబీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ అర్ఫాకు వేస్తున్న సీసాను మా ఇంటినుంచి తెప్పించి వెలుతురులో పెట్టి చూసింది.

"మందు పాడైపోయిందండీ. ఈ రేణువులు చూడండి. ఎండలోనన్నా ఉండుంటుంది, గడ్డన్నా కట్టుంటుంది. మీరు పాపకి వేసింది ఒట్టి నీళ్ళతో సమానం."

నేను నోరు తెరిచేలోపే నబీ అందుకున్నాడు.

"నావల్లేనండీ. పొద్దున కొని, కొలిమి పక్కన సైకిల్‌కి తగిలించా. సాయంత్రందాకా ఆ సెగలోనే ఉంది. పాడుచేసిందీ నేనే, అబద్ధమాడిందని కొట్టిందీ నేనే."

నేను ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. ఊరందరి తప్పులూ ఎత్తిచూపే నోరు ఆ పూట పెగల్లేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు గడిచింది, ఎల్లుండీ గడిచింది, ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

అర్ఫా కోలుకుంది. బుగ్గలు నిండాయి, బడి తెరిచాక ఎప్పటిలా వెళ్ళింది. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే నబీ సూది పట్టుకోనన్నాడు. "ఈ చేత్తో మళ్ళీ మందు ముట్టుకోను" అని జహీదాకు చెప్పేశాడు. పాపం, ఆవిడ వణుకుతూనే నేర్చుకుంది. పిల్ల తొడల నిండా నీలం మచ్చలు. ఓ ఏడాది పోయాక అర్ఫా తనకు తనే వేసుకోసాగింది. సూది వేళకు నబీ బయటికెళ్ళి, శుభ్రంగా ఉన్న సైకిల్‌నే మళ్ళీ తుడుస్తూ కూర్చునేవాడు.

ఓసారి సీసా కోసం పైకొచ్చిన అర్ఫా ఫ్రిజ్ దగ్గర నిలబడి అడిగింది.

"ఆంటీ, నాన్నకి నామీద ఇంకా కోపమా? మందు పాడైందని అమ్మ చెప్పిందిగా. మరి సూదెందుకు వెయ్యట్లేదు?"

"కోపం కాదే తల్లీ" అన్నాను. అక్కడితో ఆపేశాను. ఎదురుగా పన్నెండేళ్ళ పిల్ల, చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం లేదు. నా పెద్దరికం పోతుందనీ, సైన్సు టీచరు చేసిన పని చూశారా అని సందంతా నవ్వుతుందనీ భయపడ్డాను. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

2004లో వాళ్ళు ఇల్లు మారారు. ఆటోనగర్‌కు దగ్గర్లో వాటా దొరికింది. అర్ఫా అప్పటికి డిగ్రీలో చేరింది. సామాను లారీకెక్కిస్తుంటే నబీని మెట్ల దగ్గర ఆపి చెప్పేశాను. ఐసు అర, కంకిపాడు, గడ్డకట్టడం, నూక, ఏదీ దాచలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననే ఉంది నాకు.

నబీ చేతిలో ఉన్న తాడును మెల్లగా చుట్ట చుట్టాడు.

"మీరు మంచికేగా పెట్టారు టీచరుగారూ. పిల్ల నిజం చెబుతుంటే కొట్టింది నేను" అన్నాడు చివరికి.

నాకు కన్నీళ్ళు ఆగలేదు. అంత తేలిగ్గా వదిలేశాడే అనుకున్నాను. రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగాడు.

"కానీ అప్పుడే చెప్పాల్సిందండీ. నా చెయ్యే మందును పాడుచేసిందనుకుని సూది మానేశా. అది నాతో నవ్వేదే ఆ కాసేపండీ."

నేను ఏమంటానోనని ఆగలేదు. పరుపుచుట్ట భుజానికెత్తుకుని లారీ దగ్గరికి నడిచాడు. ముందు సీట్లో వాళ్ళమ్మ పక్కన అర్ఫా కూర్చుని ఉంది. ఇంకొకరు పట్టే చోటుంది. నబీ వెనక సామాను మీదికెక్కి కూర్చున్నాడు.