దొరగారి జట్టులో తొమ్మిదిమందిమి

పోస్టాఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఒక ముసలమ్మ తంపటేసిన తేగలు అమ్ముతూ కూర్చుంటుంది. కాలిన తేగ పొట్టు వాసన, మసిబారిన కుండ వాసన, మంచుకు తడిసిన దుమ్ము వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. కొనను. డెబ్భై దాటినవాడికి కొరకడానికి పళ్ళూ లేవు, పీచు అరిగే కడుపూ లేదు. "కొంటారా మేస్టారూ, వాసనకే కడుపు నింపుకుంటారా?" అని ఆవిడ రోజూ అడుగుతుంది. నవ్వి వచ్చేస్తాను. ఇల్లు చేరేలోపు రెండుసార్లు కూర్చోవాలి, ఎక్కడి అరుగు కనిపిస్తే అక్కడ.

తేగలొచ్చే కాలమే మాకు ఆట కాలం. కోతలు అయిపోయి, కుప్పలు నూర్చి, ధాన్యం బళ్ళు కాలవ రేవుకు చేరిపోయాక చేలన్నీ ఖాళీ అయ్యేవి. ఆరిన దుబ్బులు అరికాళ్ళలో గుచ్చుకునేవి. పొద్దున్నే మంచు పొగలో పడవ లాగేవాళ్ళ కేకలు మాత్రం వినిపించేవి, మనుషులు కనిపించేవారు కాదు. చలికి పెదాలు పగిలి, వాటికి ఆముదమో వెన్నో దొరకక, నాలుకతో తడుపుకుంటూ మేము తొమ్మిదిమందిమి మిషను బంగళా వెనక బీడులోకి చేరేవాళ్ళం. మొలకు గోచీ, చేతిలో రెండు తేగలు, అంతే మా సరంజామా.

ఆ ఆట మాకు నేర్పింది అమెరికా నుంచి వచ్చిన మా దొరగారు. ఎర్రటి మెడ, ఎండకు పొరలూడే ముక్కు, పుస్తకంలోంచి లేచి వచ్చినట్టుండే తెలుగు. నాలుగు మూలలా ఇసక నింపిన గోనెసంచులు పెట్టించారు. కర్ర పట్టుకున్నవాడు బంతిని కొట్టి, మూడు సంచులూ చుట్టి, బయల్దేరిన నాలుగో సంచి దగ్గరికి తిరిగి వస్తే ఒక పరుగు. ఈలోగా బంతి చేతిలో ఉన్నవాడు వాణ్ణి ముట్టుకుంటే వాడు అవుటు. మేము దానికి దొరగారి బిళ్ళంగోడు అని పేరు పెట్టాం. ఒకనాడు ఆయన మా పేటకు వచ్చి, మా మామ్మ ముందు నిలబడి, "మా దేశమందు ఈ ఆట ఆడువారికి నెల జీతములు ఇచ్చెదరండి" అన్నారు. మామ్మ నోట్లో చుట్ట తీసి, "ఆడుకుంటే జీతం ఇత్తారా అయ్యగారూ! మరి అన్నం తింటే ఏమిత్తారంట?" అంది. పేటంతా నవ్వింది. ఏం అర్థమైందో గానీ దొరగారూ నవ్వారు.

మాది తోలు పనిచేసే ఇల్లు. తాత కాలంలోనే బాప్తిస్మం పుచ్చుకున్నాం, పేర్లు మారాయి, పని మారలేదు. దొరగారు ఓడలో తెచ్చుకున్న ఒకే ఒక్క బంతి మొదటి ఏడే కాలవలో పడి, పడవవాళ్ళు గడతో తీసి ఇచ్చేసరికి ఉబ్బి కుట్లు విడిపోయింది. అయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పుండు చూసినట్టు చూసి, ఒక్కొక్క కుట్టూ ఊడదీసి, లోపల చుట్టిన ఉన్ని దారం ఎండలో ఆరబెట్టి, మేక తోలు నానబెట్టి కొత్త బంతి కుట్టాడు. దొరగారు అటూ ఇటూ తిప్పి చూసి టోపీ తీశారు. అయ్య ముందు ఒక తెల్లాయన టోపీ తీయడం గురించి పేటలో నెల రోజులు చెప్పుకున్నారు. అయ్య మాత్రం ఏమీ అనేవాడు కాదు. మాట్లాడితే పని చెడుతుందన్నట్టుండేవాడు ఎప్పుడూ.

బంతి విసిరేది మా అన్నయ్య దేవదానం. నాకంటే ఆరేళ్ళు పెద్ద. చిన్నప్పటి నుంచి పెద్దరైతుల చేలల్లో మంచె ఎక్కి, వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలు తోలిన చెయ్యి అది. అన్నయ్య విసిరితే బంతి కనపడేది కాదు, నా అరచేతిలో మంట మాత్రం తెలిసేది. నాలుగో సంచి దగ్గర కాపలా నాది గనక ఆ మంటలన్నీ నావే. రాత్రి అమ్మ నా చేతులకు పసుపు అద్దుతూ అన్నయ్యను తిట్టేది. వాడు పక్కన కూర్చుని నా వంతు తేగ కూడా తినేసేవాడు.

జట్టు చరిత్ర అంటూ రాస్తే ఎవరూ చదవరు గానీ నాకు మాత్రం ప్రతి రోజూ గుర్తే. గేదె వచ్చి రెండో సంచి మీద పడుకుంటే లేపలేక దాని చుట్టూ పరిగెత్తిన రోజు. క్రిస్మస్ ఆరాధన అయ్యాక, కొత్త చొక్కాల నిండా అరిసెల నూనె మరకలతో, దొరసానిగారు గంట వాయిస్తుంటే ఆడిన ఆట. అన్నయ్య కొట్టిన బంతి గుడి గోపురం... కాదు, మా చర్చి పెంకులు పగలగొట్టి లోపల ప్రార్థన చేసుకుంటున్న ఉపదేశిగారి ఒళ్ళో పడిన ఆదివారం. వయసు మీద పడ్డాక గుడీ చర్చీ కలిసిపోతున్నాయి, ఏమీ అనుకోకండి.

ఏడాదికోసారి పట్నం బడి జట్టు వచ్చేది. వాళ్ళకీ శనివారాల్లో దొరగారే నేర్పారు. అందరూ పెద్ద కులాల పిల్లలు. అందులో ఒకడు మా ఊరి కరణంగారబ్బాయి. ఆటలో మేము ముట్టుకోవచ్చునని, ఆట అయ్యాక వాళ్ళు స్నానం చేస్తారని వాళ్ళ పంతులుగారు ముందే ఒప్పుకున్నారు. పొద్దుగూకాక వాళ్ళంతా పళ్ళు టకటకలాడుతుండగా కాలవలో బుడుంగున మునిగేవారు. మూడేళ్ళు వచ్చారు, మూడేళ్ళూ వాళ్ళే గెలిచారు.

నాలుగో ఏడు అన్నయ్యకు రంగం, అదే బర్మాలో రంగూను, ప్రయాణం కుదిరింది. బియ్యం మిల్లుల్లో పనికి మా పేట నుంచి అప్పటికే నలుగురు కాకినాడలో ఓడెక్కి రంగం పోయారు, ఒక్కడే తిరిగొచ్చాడు, వాడూ దగ్గుతూ వచ్చాడు. అమ్మ ముందు ఆ మాట ఎత్తితే చాలు పొయ్యి దగ్గర నుంచి లేచేది కాదు. అప్పుడు దొరగారు ఒక దారి చెప్పారు. మిషను పెద్దలు ఆ ఏటి ఆట చూడటానికి వస్తున్నారు. ఆట వల్ల పిల్లలు చెడిపోతారని వాళ్ళ అనుమానం. పట్నం బడికి మనవాళ్ళు తీసిపోరని కళ్ళారా చూస్తే బడికి డ్రిల్లు మాస్టరుగా దేవదానాన్ని వేయించుకుంటాను అని. "గెలవనక్కరలేదు. సమానముగా నిలిచినను చాలును" అన్నారు. మామ్మ ఈసారి నవ్వలేదు. చుట్ట ఆర్పేసి, "నిజంగానే ఆటకి జీతం ఇత్తారా అయ్యగారూ?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం పేటలో ఎవరూ పనికి పోలేదు. మిషను పెద్దలు కుర్చీల్లో, పట్నం పంతులుగారు గొడుగు కింద, అయ్యా, మా ఆడవాళ్ళూ దూరంగా గట్టు మీద. అన్నయ్య అంత బాగా ఎన్నడూ విసరలేదు. పొద్దు కొబ్బరాకుల కిందికి దిగేసరికి చెరో ఏడు పరుగులతో సమానంగా ఉన్నాం. వాళ్ళలో ఇంకొక్కడు అవుటైతే ఆట ముగిసిపోతుంది. మూడో సంచి దగ్గర కరణంగారబ్బాయి ఉన్నాడు. కర్ర పట్టుకున్నవాడు బంతిని అన్నయ్య వైపే మెల్లగా కొట్టాడు. కరణంగారబ్బాయి పరుగందుకున్నాడు. అన్నయ్య వంగి, తీసి, విసిరాడు.

బంతి నా చేతుల్లో పడింది. బాగా పడింది, రెండు అరచేతుల మధ్యా. అతను ఇంకా పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఎగగట్టిన పంచె, చెమటకు కరిగి ముక్కు మీదికి జారిన బొట్టు, నాకు ఎదురుగా వస్తున్నాడు. నేను చెయ్యాల్సిందల్లా చెయ్యి చాపడం.

నేను తప్పుకున్నాను. సంచి వదిలి, పక్కకు జరిగి, తల దించుకుని, బంతిని గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. మా పేటలో బిడ్డకు నడక వచ్చీ రాగానే నేర్పేది అదే: వాళ్ళెవరైనా ఎదురొస్తే గట్టు దిగిపోవాలి, బురదైనా ముళ్ళైనా. అయ్య భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపేవాడు. తరవాత్తరవాత ఆ చెయ్యి అక్కర్లేకపోయింది. ఆట అని నాకు తెలుసు, ముట్టుకోవచ్చని తెలుసు, అన్నయ్య సంగతీ తెలుసు. నా కాళ్ళకు మాత్రం అవేమీ తెలియలేదు. అతను సంచి తొక్కాడు, పట్నం పిల్లలు కేకలు వేశారు, నేనింకా తల ఎత్తలేదు.

అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు.

"బంతి జారిపోయిందన్నయ్యా" అన్నాను.

బంతి నా చేతిలోనే ఉంది. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మెల్లగా నా వేళ్ళు విప్పి దాన్ని తీసుకున్నాడు. "జారుద్దిలేరా. చెమట చేతులు" అన్నాడు. ఇంటికెళ్ళి అమ్మకూ మామ్మకూ తనే చెప్పాడు, చిన్నోడి చేతిలో బంతి జారింది, వాణ్ణెవరూ ఏమీ అనకండి అని. దూరాన గట్టు మీద నుంచి చూసినవాళ్ళకు అది నిజమో కాదో తెలిసే దారి లేదు. తెలిసినవాళ్ళు మా జట్టువాళ్ళు ఏడుగురు. వాళ్ళలో ఒక్కడూ నోరెత్తలేదు; నా చోట తామున్నా ఏం చేసేవారో వాళ్ళకు తెలిసే ఉంటుంది.

ఎనిమిదో రోజున అన్నయ్య పడవెక్కాడు. అమ్మ కట్టిచ్చిన మూటలో అటుకులు, ఊరుమిరపకాయలు, ఒక కొత్త నిబంధన పుస్తకం. కాలవ లాకు తలుపులు తెరుచుకునేదాకా ఒడ్డున నిలబడ్డాను. చెప్పాలనుకున్నది చెప్పలేదు. వాడు వినాలని అనుకోలేదు కూడా. నీళ్ళ లోతు గురించీ, నేను బడి మానకపోవడం గురించీ మాట్లాడాడు. రంగం నుంచి మూడేళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తరవాత రాలేదు. ఓడ కంపెనీవాళ్ళను అడిగాం, మిల్లుకు రాయించాం. అమ్మ చాలా ఏళ్ళు వాడి కంచం తోమి బోర్లించేది.

ఇప్పుడు ఆ బీడు లేదు, కొబ్బరితోట అయింది. దొరగారు జ్వరంతో వాళ్ళ దేశం వెళ్ళిపోయి అక్కడే పోయారని విన్నాం. ఆ ఆట మా వైపు ఇంకెవరూ ఆడలేదు. ఆడితే చూసి ఇదేమిటో చెప్పగలవాళ్ళు నేను తప్ప మిగల్లేదు. నేను బడిపంతులు పని నలభై ఏళ్ళు చేశాను. ఎదురొచ్చేవాళ్ళకు దారి ఇవ్వకండిరా, మీ దారిన మీరు నడవండి అని పిల్లలకు చెప్పి చెప్పి గొంతు అరిగింది. కొందరు విన్నారు. చాలా అలసటగా ఉంటుంది ఇప్పుడు.

ఆట ముందు రోజు సాయంత్రం బంతికి ఆముదం పట్టించింది అయ్య. తోలు మెత్తబడాలని, కుట్టు నిలవాలని. చిన్నోడి చేతిలో జారిందని విన్నాక ఆయన మళ్ళీ బంతి కుట్టలేదు. చివరి రోజుల్లో మంచం మీద నుంచి నన్ను పిలిచి, ఎన్నడూ మాట్లాడని మనిషి, ఎంతో కష్టపడి మాట్లాడాడు. "నేనేరా, చమురు ఎక్కువ రాసేశాను. నా చేత్తో నేనే పెద్దోణ్ణి ఓడెక్కించేశాను" అన్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, నోట్లో నాలుక ఉంది. "పోనీలే అయ్యా" అన్నాను.